పక్క కుట్టు, ఏడు వరసలు

నర్సు తెచ్చి ఒళ్లో పెట్టిన ప్లాస్టిక్ సంచిలో కూతురి గౌను ఉంది. మడత పెట్టలేదు, ఎలా ఒలిచారో అలాగే కుక్కారు, లోపలి వైపు బయటికి తిరిగిపోయి. సంచి ముడి విప్పకుండానే ఆ సంగతి ఆమెకు తెలిసిపోయింది, ఎందుకంటే పల్చటి ప్లాస్టిక్ కింద గౌను పక్క కుట్టు కనబడుతోంది, ఒకటి కాదు, ఆనుకుని ఆనుకుని ఏడు వరసలు. నర్సు ఊరికే పోలేదు, "ఎవరండీ మీ టైలరు, గౌను కుట్టమంటే పొలం దున్నినట్టున్నాడు," అని నవ్వి మరీ పోయింది. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది. టైలరూ లేడు ఎవరూ లేరమ్మా, కిటికీ పక్కన ఒక పాత మిషను, దాని ముందు కాలు వదులైన స్టూలు, ఆ స్టూలు మీద నేను, అని చెప్పవలసింది. నర్సు బూట్ల చప్పుడు వసారా చివరిదాకా వెళ్లి మలుపు తిరిగాక సంచిని బోర్లా తిప్పి చేతులు రెండూ దాని మీద వేసుకుంది, వేడిగా ఉన్న దాన్ని కప్పినట్టు.

సీసాలో మందు మొత్తం ఎక్కడానికి గంట పడుతుందని, అప్పుడు లోపలికి పిలుస్తానని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఏమేమో చెప్పింది. ముప్ఫై రెండు కిలోలంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, ముప్ఫై రెండు కిలోలు, గుండె కొట్టుకోవాల్సిన తీరులో కొట్టుకోవడం లేదు, ఇక్కడే ఉంచి ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కొంచెం కొంచెంగా తిండి ఎక్కించాలి, కానీ అమ్మాయి ఒప్పుకోవడం లేదు, మైనరు కాదు కాబట్టి సంతకం తనే పెట్టాలి, ఎండకి కళ్లు తిరిగాయి అంతే ఇంటికి పంపించెయ్యండి అంటోంది, తను లావుగానే ఉన్నానంటోంది, ఈ స్థితిలో ఇంటికి వెళ్తే వారం దాటుతుందని నేను చెప్పలేను, మీరే ఒప్పించాలమ్మా. అంతా వింది, అన్నిటికీ తల ఊపింది. చివర్లో డాక్టరమ్మ కలం తీసి, ఎప్పటినుంచి తగ్గుతోంది, నెలలు అయినా గుర్తుంటే చెప్పండి, చాలా అవసరం, అని అడిగితే, "గమనించలేదండీ," అంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. గమనించలేదట. తను కాకపోతే ఈ లోకంలో ఇంకెవరు గమనించారు. ఎప్పుడు ఎంత తగ్గిందో అరంగుళం తేడా లేకుండా ఈ సంచిలో ఉంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది, గమనించలేదు అనే రాసుకుని ఉంటుంది, అదిక ఆ కాగితం మీద అలాగే ఉంటుంది.

భయపడటం తప్ప ఇన్నేళ్లలో తను చేసిన పనేముంది. పిల్ల పుట్టినప్పటినుంచీ భయమే. నిద్దట్లో ఊపిరి తీస్తోందో లేదోనని ఆరేళ్లు వచ్చేదాకా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. చేపముల్లు గొంతులో దిగుతుందని, గొళ్లెం లోపలినుంచి పడిపోతుందని, పొయ్యి ఆర్పలేదేమోనని సగం దారినుంచి వెనక్కి పరుగెత్తేది, పిల్లని రోడ్డు మీద నిలబెట్టి, ఆ నిలబెట్టిన చోట బండి గుద్దుతుందేమోనని మళ్లీ ఇంకో భయం. మొగుడు బస్సు నడుపుతాడు, ఆయన మీద భయం వేరే లెక్క. ఇన్ని భయపడి, ఏ ఒక్కటీ జరగక, జరిగినదేమో తన భయాల్లో ఎక్కడా లేనిది. లేనిదేనా. ఉంది. ఉండబట్టే కదా కుట్టింది.

సంచి ముడి విప్పింది. ముదురు నీలం గౌను, జేబులు తను పెట్టినవే. పాత బట్టల గుట్టలోంచి లాగింది దీన్ని, ఎవరో భారీ మనిషిది, ఎత్తి పట్టుకుంటే అవతల అమ్మేవాడు కనబడలేదు. గుడ్డ మాత్రం గట్టిది, అలాంటి నేత ఇప్పుడు రాదు. ఇంటికి తెచ్చి మూడుసార్లు ఉడకబెట్టింది, ఎందుకంటే అంత మంచి గుడ్డ ఎవరు వదులుకుంటారు, చచ్చిపోయిన మనిషిదే అయి ఉంటుంది, ఏ జబ్బుతో పోయిందో, అంటుకునేదో కాదో. ఉడికి ఉడికి మూడోసారికి నీళ్లలోకి రంగు దిగడం ఆగాక నమ్మకం కుదిరి కత్తెర వేసింది. ఆ ఇంట్లో కొత్త గుడ్డ ఎవరు కొన్నారు గనక, పిల్ల ఒంటిమీద పడిన ప్రతిదీ ముందు ఎవరిదో. మొగుడి చొక్కాల చేతులు కోస్తే పిల్ల లాగులు, ఆడపడుచు కూతుళ్లు విడిచినవి తిరగేసి కుడితే బడి గౌన్లు, కిటికీ తెరలు రెండు కలిపితే లంగా. కుట్టినదని ఎవరూ అనుకోలేదు, కొన్నదే అనుకున్నారు, అంత శుభ్రంగా ఉండేది చెయ్యి. అందులో ఆమె గొప్పంతా లోపల వదిలే గుడ్డలో ఉండేది. బయటికి కనబడదు, పక్కల్లో అటు నాలుగు వేళ్లు ఇటు నాలుగు వేళ్లు గుడ్డ మడిచి దాచేది, పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక కుట్టు విప్పితే చాలు, గౌను కూడా ఎదుగుతుంది. పిల్ల నిలువుగా తక్కువ, అడ్డంగా ఎక్కువ ఎదిగింది. పదకొండేళ్లప్పుడు స్టూలు మీద నిలబెట్టి టేపు చుట్టి అంకె పైకి చదివింది, ఆడపడుచు గుమ్మంలో కూర్చుని ఉంటే ఆమెకు వినబడేలా, అలవాటుగా చదివింది. ఆడపడుచు, "అదేమిటమ్మా, నా కొలత చదువుతున్నావా," అంది. అప్పుడు తను, పిల్ల తల్లి, సూదులు పెదాల మధ్య పెట్టుకునే, "నడుమెక్కడో చెప్పు వదినా, పొద్దుటినుంచీ వెతుకుతున్నా," అంది. ఇద్దరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది, స్టూలు మీద చేతులు రెండూ పైకెత్తి అలాగే నిలబడి నవ్వింది. నవ్వింది కదా, బాధపడితే నవ్వుతుందా. ఆ మాటకి పిల్లలెవరూ తిండి మానరు. అదే కారణమైతే ఊళ్లో పిల్లలెవరూ మిగలరు. కానీ చేతులు దించలేదు, దించమని చెప్పేదాకా. టేపు ఎప్పుడో తీసేసినా.

పెట్టెలో, ఎక్కడికి వెళ్లినా చేతిలో ఉండే చిన్న రేకు పెట్టెలో, సూది, రెండు దారపు ఉండలు, పిన్నులు, కాగితంలో చుట్టిన సగం బ్లేడు. బ్లేడు తీసింది. ఎందుకు తీసిందో అప్పటికి తనకే చెప్పుకోలేదు. ఏడో వరస ఆకుపచ్చ దారం. ఆరోది కూడా ఆకుపచ్చే. నీలం దారం అయిపోయాక నల్లది వేసింది, నల్లది అయిపోయాక, లోపలే కదా ఎవరు చూస్తారని, ఏది దొరికితే అది. ఆకుపచ్చ ఉండ గత నెల కొన్నది. మొన్నటి ఆదివారం కుట్టిన వరసకి ఇంకా ముడి తల కూడా నలగలేదు. బ్లేడు మూల కుట్టు కింద దూర్చి పైకి లేపితే టిక్కున తెగింది, ఒకటి తెగితే నాలుగు కుట్లు లాగొచ్చు, మళ్లీ ఒకటి. ఎదురు కుర్చీలో ఒక తాత నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అటువైపు ఎవరూ లేరు. డాక్టరమ్మ లోపలికి పిలిచినప్పుడు ఈ గౌను తన చేతిలో ఉంటుంది, తిప్పి చూస్తుంది, ఆడది కదా, ఒక్క చూపు చాలు, గమనించలేదన్నారే అంటుంది. సాయంత్రానికి మొగుడు వస్తాడు, ఆడపడుచు వస్తుంది, ఆమెకు కుట్టు వచ్చు. చూసి ఏమీ అనదు, అనకుండా ఊరంతా అంటుంది.

మొదటి వరసకి ఆడపడుచే కదా కారణం. పోయిన ఏడాది చలికాలంలో వచ్చి, పిల్ల ఈ గౌను వేసుకుని అటు తిరిగితే చూసి, ఏమ్మా పిల్లకి తిండి పెడుతున్నావా లేదా, గౌను హాంగరుకి తగిలించినట్టుంది, దగ్గేమైనా ఉందా, లోపల జబ్బేమో చూపించకపోయావా, అంది. ఆ పూట తనకి ముద్ద దిగలేదు. క్షయ అనుకుంది. కడుపులో గడ్డ అనుకుంది. ఎవడి కోసమో చిక్కిపోతోందనుకుంది. చూపించాలనే అనుకుంది, కానీ చూపిస్తే డాక్టరు ఏదో ఒక పేరు చెబుతాడు, పేరు చెప్పేదాకా అది లేనట్టే కదా. ఆదివారం పిల్ల పనిచేసే కళ్లద్దాల షాపుకి సెలవు, పిల్ల తలంటుకుని మధ్యాహ్నం పడుకుంటే, ఆరిన గౌను తీసి అటో చిటికెన వేలు మందం ఇటో చిటికెన వేలు మందం లోపలికి కుట్టేసింది. మిషను చప్పుడు కాకుండా చక్రం చేత్తో తిప్పింది. మర్నాడు పిల్ల వేసుకుంటే ఎంత బాగుందో, అతికినట్టుంది, ఎక్కడా జబ్బు కూర్చోవడానికి చోటు లేదు. ఆడపడుచు కూడా వచ్చినప్పుడు, ఇప్పుడు ఒళ్లు చేసినట్టుంది, అంది. ఆ ఒక్క మాటకి తను ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది. పిల్ల మాత్రం ఆ సోమవారం అద్దం ముందు చాలాసేపు నిలబడింది. నడుము దగ్గర వేలు పెట్టి చూసుకుంది. మొహం వాడిపోయింది, చూసింది తను, పని ఒత్తిడి పాపం అనుకుంది. ఆ పూట పిల్ల కంచంలో సగం వదిలేసింది.

ఒక పక్క మూడు వరసలు ఊడేసరికి షాపులో కూతురితో పనిచేసే అమ్మాయి మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పిల్లని ఇక్కడికి తెచ్చింది ఈమే. ముసలాయన ఒకరు కొత్త అద్దాలు పెట్టుకుంటుంటే మీ అమ్మాయి ఫ్రేము సరిచేస్తూ సరిచేస్తూ ఆయన మీదికే ఒరిగిపోయింది ఆంటీ, ఆయన, ఈ అద్దాలు నాకు పడలేదు, మనుషులు పడిపోతున్నట్టు కనబడుతున్నారు అన్నాడు, అని పొద్దున చెప్పిందే మళ్లీ చెప్పింది, నవ్వబోయి ఏడ్చింది. ఆమె గౌను మడిచి ఒళ్లో పెట్టుకుంది. బ్లేడు వేళ్ల మధ్యే ఉంది. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని, నేల చూస్తూ, ఇప్పుడు చెప్పకపోతే పాపం ఆంటీ, అంది.

"ఆ నీలం గౌను నడుం దగ్గర పిడికిలి పట్టిన రోజు తిండి మానడం ఆపేస్తానంది ఆంటీ. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. సోమవారం సోమవారం వెనక గదిలో చూసుకునేది. పిడికిలి కాదు కదా రెండు వేళ్లు కూడా దూరట్లేదే అని ఏడ్చేది. ఇంకొంచెం తగ్గిస్తా, ఇంకొంచెం అనేది. నేను కూడా, నీ ఒంటి తీరే అంతేమోనే, వదిలెయ్ అన్నాను. నాకు కళ్లు లేవా ఆంటీ. ఉన్నాయి. కానీ గౌను చూస్తే సరిగ్గానే ఉండేది."

"మిషను మీద బరువు చూసుకోలేదా," అంది ఆమె.

"మిషన్లని నమ్మదు కదా. నాణెం వేస్తే ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి, బట్ట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, మా అమ్మ చెప్పింది అనేది."

చెప్పింది. తనే చెప్పింది, ఎప్పుడో, దేనికో. షాపు నుంచి ఫోను వస్తే ఆ అమ్మాయి లేచి వెళ్లింది. నీళ్ల సీసా కుర్చీలో పడుకుని ఉంది. సోమవారం సోమవారం. తను కుట్టినవి ఆదివారాలు. పిల్ల వారాల తరబడి కడుపు మాడ్చుకుని ఒక వేలు చోటు సంపాదిస్తే, శనివారం నాటికి అది రెండు వేళ్లు అవుతుందేమో, ఆదివారం తను కూర్చుని ఆ చోటు మూసేసేది. ఇంకొన్నాళ్లు మాడి మళ్లీ సంపాదించేది. మళ్లీ మూసేసేది. తల్లీ కూతురూ ఒక గుడ్డని చెరో వైపు పట్టుకుని లాగారు, ఎవరు లాగుతున్నారో ఒకరికి తెలియదు, ఒకరికి తెలుసు. మొదటి కుట్టు వెయ్యకపోతే. ఆ చలికాలంలోనే పిడికిలి పట్టేది. నలభై ఎనిమిది కిలోల దగ్గర, నలభై తొమ్మిది దగ్గర, ఎంత అందంగా ఉండేదో, నడుం దగ్గర పిడికిలి పెట్టుకుని షాపులో గంతులేసి, సాయంత్రం వచ్చి అమ్మా ఆకలేస్తోంది అనేది. అలా అనేదేనా. ఏమో, ఆపేదో లేదో, ఇలాంటి పిల్లలు ఎక్కడా ఆగరట, డాక్టరమ్మ అందిగా, ఒక లెక్క అందుకున్నాక ఇంకో లెక్క పెట్టుకుంటారట. ఆ మాటని రెండు చేతులతో పట్టుకుంది కాసేపు. పట్టు జారింది. ఒట్టు వేసిన పిల్ల ఆగదని ఎవరు చెప్పగలరు, నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేసింది, చిన్నప్పుడు ఒట్టు వేస్తే అబద్ధం ఆడేది కాదు.

గడియారంలో పెద్ద ముల్లు సగం దాటింది. ఒక పక్క నాలుగు వరసలు మిగిలాయి, రెండో పక్క మొత్తం ఏడు. ఇక్కడ ఆపెయ్యొచ్చు. ఆపేసి, లోపలికి వెళ్లి, ఈ కుట్లు చూపించి, ఇదిగో నేను చేసిన పని, అని కూతురి ముందు పరిస్తే చాలు. ఇది ఒక్కటే ఆ పిల్ల నమ్మే కాగితం. ఆ ఆలోచన వచ్చింది, స్పష్టంగా వచ్చింది, బ్లేడు ఆగింది కూడా. అప్పుడే వసారా చివర బూట్ల చప్పుడు వినబడింది, నర్సో ఇంకెవరో, చెయ్యి తనంతట తనే కదిలింది. పిల్లకి చూపించడమంటే డాక్టరమ్మకి కూడా చూపించడం, డాక్టరమ్మకి చూపించడమంటే మొగుడికి, ఆడపడుచుకి. కుట్లెందుకు చూపించడం, అన్నీ విప్పేస్తే గౌను పాత కొలతకి వస్తుంది, వేసుకుంటే దిగజారిపోతుంది, పిల్ల కళ్లతో పిల్లే చూసుకుంటుంది, పిడికిలి కాదు తలకాయే పడుతుంది, నేనేమీ చెప్పక్కర్లేదు. అంతే. అందుకే విప్పుతున్నాను, మొదటినుంచీ అందుకే విప్పుతున్నాను అని చెప్పుకుంటే మనసు కుదుటపడింది, వేళ్లు చురుగ్గా కదిలాయి, పని చేతికి తెలిసిన పని. ఆకుపచ్చ, ఆకుపచ్చ, నలుపు, నలుపు, నలుపు, నీలం, నీలం. అడుగున మొట్టమొదటి నీలం, ఆ చలికాలపుది, గుడ్డలో కలిసిపోయి గోటికి దొరకలేదు, పంటితో లాగింది. తాతకి మెలకువ వచ్చి ఆమెని చూసి, ఏం కుడుతున్నావమ్మా అని అడిగాడు. విప్పుతున్నానంది. ఆయన తల ఊపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

పిలిచేసరికి దారపు ముక్కలు ఒళ్లంతా ఉన్నాయి. దులుపుకుంటూ లోపలికి వెళ్లింది. పిల్ల మంచం మీద లేచి కూర్చుని ఉంది, ఆసుపత్రి వాళ్ల తెల్ల గౌనులో మెడ ఎముకలు, మోచేతులు, అన్నీ ఉన్నదానికంటే పెద్దవిగా కనబడుతున్నాయి. డాక్టరమ్మతో నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతోంది, కస్టమరుతో మాట్లాడినట్టే. మీ మిషను పాడై ఉంటుంది మేడం, పోయినేడాది గౌనే వేసుకుంటున్నాను, ఇప్పటికీ బిగుతుగానే ఉంది, ముప్ఫై రెండు ఎలా అవుతాను, మా అమ్మని అడగండి. డాక్టరమ్మ ఇటు తిరిగింది. ఇక ఆ ఒక్క మాట ఎవరూ తన నోట్లోంచి లాగక్కర్లేకపోయింది.

"నేనే కుట్టానే. నువ్వు చిక్కినప్పుడల్లా ఆ గౌను లోపలికి కుట్టేశాను. ఏడుసార్లు. నీకు తెలియకుండా."

పిల్ల చూసింది. డాక్టరమ్మ చూసింది. "గంట కిందట గమనించలేదన్నారు కదమ్మా," అంది డాక్టరమ్మ, కోపంగా కాదు, కాగితం తిరగేస్తూ.

పిల్ల మొహంలో ఒక జాలి నవ్వు వచ్చింది. "మా అమ్మ ఇంతే మేడం. నేను రెండు ముద్దలు ఎక్కువ తింటానంటే ఎవరి మీదైనా ఎంతైనా అబద్ధం ఆడుతుంది. తన మీద కూడా."

వేసుకుని చూడవే, నీ కళ్లతో నువ్వే చూడు, అంది ఆమె. తెల్ల గౌను మీదినుంచే నీలం గౌను తొడిగింది, సీసా గొట్టం తప్పించి, తల దూర్చి, చేతులు దూర్చి, పసిపిల్లకి తొడిగినట్టు. గౌను భుజాల మీదినుంచి జారి మంచం మీద కుప్పలా పడింది. నడుము దగ్గర గుడ్డని పట్టుకుని అందులో పిడికిలి పెట్టింది, రెండో పిడికిలి కూడా పెట్టింది, ఇదిగో, ఇదిగో, అంది. పిల్ల కిందికి చూసుకుంది. ఒక్క క్షణం ఆ కళ్లలో ఏదో కదిలింది, ఆమె చూసింది, దేవుడా అనుకుంది. తరవాత పిల్ల ఆమె చీర మీదినుంచి ఆకుపచ్చ దారపు ముక్క ఒకటి రెండు వేళ్లతో తీసి వెలుతురుకి పట్టుకుంది.

"ఇప్పుడే విప్పావు కదమ్మా. నేను ఎదుగుతానని దాచిన గుడ్డంతా వదిలేశావు."

"చిల్లులు చూడు, ఏడు వరసల చిల్లులు, లెక్కపెట్టుకో."

"పాత గౌను కదా. ఎవరెవరు ఎన్నిసార్లు కుట్టుకున్నారో."

ఇంట్లో మిగతావి ఉన్నాయి, అన్నిటికీ అలాగే కుట్టాను, అవి విప్పలేదు, తెచ్చి చూపిస్తాను, అంది ఆమె. అవీ పాతవే కదమ్మా, అంది పిల్ల ఓపిగ్గా, మనింట్లో ఏ కుట్టు ఎవరిదో ఎవరికి తెలుసు. డాక్టరమ్మ ఇంకోసారి చెప్పి చూసింది, గుండె మాట, వారం మాట, అన్నీ చెప్పింది. పిల్ల అంతా విని, కాగితం ఇవ్వండి మేడం, నా ఇష్టం మీద వెళ్తున్నానని సంతకం పెడతాను, అంది. డాక్టరమ్మ కాసేపు తల్లి వైపు చూసి, ఆ చూపులో ఏముందో ఆమె చూడలేకపోయింది, కాగితం తేవడానికి వెళ్లింది.

పిల్ల కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంది. "ఇలా ఎలా రానమ్మా బయటికి. గుడారంలా ఉంది. బిగించెయ్యి," అని చేతులు రెండూ పైకెత్తింది.

కుట్టనంటే ఏమవుతుంది. అలాగే వెళ్తుంది, గుడారంలాగే రోడ్డు మీదికి వెళ్తుంది, మెట్ల మీద గౌను కాళ్లకి చుట్టుకుని పడుతుంది. కుడితే ఏమవుతుంది. రెండూ ఆలోచించింది, రెండిటి చివరా ఒకటే కనబడింది. ఆ పిల్ల ఇక తనని ముట్టుకోనిచ్చేది ఈ ఒక్క పనికే. రేకు పెట్టె తెరిచి సూదిలోకి దారం ఎక్కించింది, ఒక్కసారికే ఎక్కింది. ఎంత లోపలికి, అని అడిగింది.

"ఎప్పుడూ ఉన్నంతే."

ఆ ఎప్పుడూ ఉన్నంత ఎక్కడ ఉంటుందో వెతుక్కోనక్కర్లేకపోయింది. గుడ్డ పక్కకి లాగి పట్టుకుంటే పక్కటెముకలు గుడ్డ కిందే ఉన్నాయి, మొన్నటి ఆదివారపు చిల్లులు ఇంకా మూసుకోలేదు, సూది దానంతట అదే దిగింది.

"కదలకే," అంది. "గుచ్చుకుంటుంది."